దీవుల సర్వీసుకు సైనిక్‌పురి బ్రాంచి

ఆ ఏడాది వానాకాలమంతా నేను సికింద్రాబాదులో ఒక అద్దాల మేడలో కూర్చుని, జన్మలో చూడబోని దీవుల్లో ఎవరికేం కావాలో కనుక్కునే ఉద్యోగం చేశాను. ఇంగ్లండుకి కూడా ఉత్తరాన, సముద్రంలో చెదురుమదురుగా పడున్న దీవులవి. అక్కడి మున్సిపాలిటీ లాంటిదేదో, ఫోన్లు ఎత్తే పనిని మా కంపెనీకి అప్పజెప్పింది. ఒంటరి ముసలమ్మకి ఇంటికి భోజనం పంపాలన్నా, పడవ దాటి ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నా, బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీ బిగించాలన్నా అందరికీ ఒకటే నంబరు. అక్కడ వాళ్ళు నొక్కితే ఇక్కడ పారడైజ్ హోటలు దగ్గర నా చెవిలో మోగేది. ఇంగ్లీషు ముక్క వచ్చిన ప్రతివాళ్ళనీ పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్న రోజులవి. కాన్వెంటులో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని, నాకు దొరక్కుండా ఉంటుందా!

దొరికింది సరే. మధ్యాహ్నం కంపెనీ సుమో వచ్చి ఎక్కించుకుపోతే మళ్ళీ ఇంటి ముందు దింపేది భోజనాల వేళ దాటాకే. మా సాయిదుర్గ రెండో తరగతి, మూడున్నరకల్లా బడినుంచి వచ్చేస్తుంది. మా ఆయన కన్నబాబు రైల్వేలో గుమాస్తా. స్టేషను దగ్గర బస్సెక్కి సైనిక్‌పురి చేరేసరికి చీకటి పడిపోతుంది. మధ్యలో పిల్లనెవరు చూస్తారు? అందుకని బొబ్బిలి దగ్గర పల్లెలో చిన్నకొడుకు ఇంట్లో హాయిగా ఉన్న మా అత్త మరిడమ్మని బతిమాలి తీసుకొచ్చాం.

ఆవిడ రైలు దిగుతూనే షరతు పెట్టేసింది.

"దసరా వరకే. పండగెల్లిన మర్నాడు నన్ను బండెక్కించీయాల. ఈ పట్నంలో నానుండలేన్రా కన్నా."

"అలాగేలేమ్మా" అన్నాడు మా ఆయన. ఆయనకేం, అన్నింటికీ అలాగే అంటాడు. దసరాకి అత్త వెళ్ళిపోతే ఆ మర్నాడే నా ఉద్యోగానికి నూకలు చెల్లినట్టే. ఆలోగా ఆవిడ మనసు ఎలాగైనా మార్చాలని, రోజుకొక కారణం తయారుచేసుకోవడం మొదలుపెట్టాను. సాయి మీకు బాగా అలవాటైపోయిందత్తా అని ఒకరోజు, మీ చేతి పులుసు లేకపోతే మీ అబ్బాయికి ముద్ద దిగట్లేదని ఒకరోజు, నా ఉద్యోగం పర్మనెంటు అయ్యేదాకానైనా ఉండండని ఇంకోరోజు. అన్నీ వినేది. "ఊఁ" అనేది. అంతే.

ఊళ్ళో ఆవిడ ఈడు ఆడవాళ్ళందరికీ అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఇక్కడ నలుగురూ ఏమనుకుంటారోనని పాపం డాబా మీదికెళ్ళి కాల్చుకునేది. ఇంటి ఓనరు అనసూయమ్మగారు కింద వాటాలో ఉండేవారు. భర్త మిలటరీలో చేసి పోయారు, పిల్లలిద్దరూ బెంగుళూరు. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ మెట్లెక్కని మనిషి, వాన పడేలా ఉందని ఒకరోజు బట్టలకోసం ఎక్కారు. తరవాత వినిపించిన కేకకి వీధిలో కుక్కలు కూడా లేచాయి.

"ఓ సత్యవేణీ! జెర పైకి ఉరికిరా! మీ అత్త నోట్లకెళ్ళి పొగొస్తున్నది!"

చేతిలో గరిటెతో సహా పరిగెత్తాను. మా అత్త తాపీగా చుట్ట బయటికి తీసి, ఎర్రటి కొస చూపించి, మళ్ళీ తిప్పి నోట్లో పెట్టుకుంది.

"అగ్గి లోపటికి వెట్టుకున్నవేందమ్మా! నోరు గాలదా?"

"బయటకెట్టుకుంటే గాలికారిపోద్ది గదేటి?" అంది అత్త, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

నాకు నవ్వాగలేదు గానీ, ఆ మర్నాటినుంచి వీధిలో పిల్లలు మా డాబా వైపు వేళ్ళు చూపించడం మొదలెట్టారు. అత్త పైకి వెళ్ళడం మానేసింది. వరండాలో కుర్చీ వేసుకుని పొద్దస్తమానం రోడ్డు చూస్తూ కూర్చునేది. బోనాలప్పుడు డప్పులతో అమ్మవారి ఘటం మా వీధిన వచ్చిన రోజు మాత్రం మొహం వెలిగిపోయింది. మిగతా రోజుల్లో ఒకటే గొణుగుడు.

"ఒక్క మనిసీ పలకరించడు. ఎదురింట్లో ఆ మిలట్రీ బాబు పొద్దున్న గేటు తీస్తాడు, మాపటేల మూస్తాడు. ఆయన మనిసా, గడియారమా?"

ఆ మిలట్రీ బాబు సదాశివగారు. సుబేదారుగా రిటైరై, భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. రొట్టె, గుడ్డు, టీ ఇదే ఆయన వంట. మేం ఆ వీధిలో దిగి రెండేళ్ళైనా ఆయన గొంతు నేను సరిగ్గా విన్నది లేదు.

ఇక్కడ ఇలా ఉండగా అక్కడ ఆఫీసులో నేనొక ఘనకార్యం చేశాను.

మనవాళ్ళకి ఎవరైనా పలికితే రెండో మాట "భోంచేశారా?" అనేదే కదా. నాకు దీవులనుంచి ఫోన్లెక్కువ వచ్చేది వాళ్ళ మధ్యాహ్నం వేళ. పాపం ముసలి గొంతు వినపడగానే, "నమస్కారమండీ, లంచ్ అయిందా?" అని ఇంగ్లీషులో అడిగేదాన్ని. "ఇంకా లేదమ్మా" అనేవాళ్ళు చాలామంది. మా కంప్యూటరులో ఒక గడి ఉండేది: ఈ రోజు భోజనం అందలేదు అని. తినలేదని ఎవరన్నా సరే, ఆ గడిలో టిక్కు పెట్టి తీరాలని ట్రైనింగులో మరీ మరీ చెప్పారు. చెప్పినట్టే పెట్టాను. వారం పొడుగునా, శ్రద్ధగా.

మా టీమ్ లీడరు సలోమి నాకన్నా పదేళ్ళు చిన్నది, బొల్లారం పిల్ల. ఒకనాడు నన్ను అద్దాల గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది.

"అక్కా, ఆ దీవుల్ల కరువొచ్చిందా?"

"ఏమోనమ్మా, నాతో ఎవరూ అనలేదే!"

"నీ కాల్స్ చూస్తే అట్లనే ఉంది మరి. వేడి వేడి సూప్ పట్టుకొని వ్యాన్లన్నీ ఊర్లు తిరుగుతున్నయంట. ఒకాయన నల్లా లీకయితుందని ఫోన్ చేసిండు. ఆయనకు పడవేసుకొని పోయి మరీ అన్నం పెట్టొచ్చిన్రు. అప్పుడు ఆయనింట్ల బర్త్‌డే పార్టీ నడుస్తుందంట!"

"మరి తినలేదన్నాడు కదా?"

"కేక్ కోసినంక తింటడక్కా!" సలోమి బల్లమీద తల ఆనించేసి నవ్వింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని చెప్పింది. "ఆఫీసోళ్ళు తిన్నవా అని అడిగిన్రంటే అక్కడ అది పలకరింపు గాదు. ఇంట్ల తిండి లేదేమోనని అడిగినట్టు. పైనోళ్ళు గరమ్ గరమ్ ఉన్నరు. ఈ వారం నువ్వు ఫోన్ ముట్టొద్దు. ఇంట్ల కూసొని సర్వీసులన్నీ కంఠతా పట్టు. వచ్చినంక నాకు అప్పజెప్పాలె."

పిల్లలచేత పద్యాలు అప్పజెప్పించుకున్నదాన్ని, నాకే శిక్ష! లావుపాటి కాగితాల కట్ట మోసుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఒకటే వాన. వరండాలో అత్త చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, పక్కన చాప వేసుకుని నేను పైకి చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. నాకు కంఠతా రావాలంటే పక్కన ఎవరో ఒకరు వినాలి.

"కాలిగోళ్ళు తీసుకోలేని ముసలివాళ్ళకి, ఇంటికి మనిషిని పంపి తీయిస్తారత్తా."

"ఓలమ్మో! మరాల్ల కోడళ్ళేటి సేస్తారు?" అంటూ తన కాళ్ళకేసి చూసుకుని, నాకేసి చూసింది. నేను గబగబా కాగితం తిప్పేశాను.

"ఆస్పత్రికి వెళ్ళాలంటే గుమ్మం ముందుకే బస్సు వస్తుంది. బల్బు మాడిపోతే మార్చడానికి మనిషి వస్తాడు. మంగళవారం మంగళవారం అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి భోజనం పెడతారు."

"డబ్బున్న మారాజులు. ఇంకేటున్నాయి?"

"ఎవరూ లేని ఒంటరివాళ్ళుంటే, మాట్లాడ్డానికి ఒక మనిషిని పంపుతారు. వారానికోసారి వచ్చి, కూర్చుని, టీ తాగి, కబుర్లు చెప్పి వెళ్తారు."

అత్త చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"మాటాడ్డానికా? గవర్నమెంటోల్లే పంపుతారేటి?"

"వాళ్ళే."

అత్త చాలాసేపు ఎదురింటి గేటుకేసి చూసింది. వాన నీళ్ళు రోడ్డు మీద మోకాలి లోతున పారుతున్నాయి. "ఆల్లకి సుట్టూ సముద్రమాయె, ఒకలింటికి ఒకలు ఎల్లలేరు. ఇక్కడ సముద్రం లేదు గదేటి, మరెందుకెల్లరు?" అంది. మళ్ళీ తనే, "ఆ బోజనాలు ఏ వారమన్నావు?" అంది.

"మంగళవారం."

"రేపు మంగళారమే."

ఏదో అన్నదిలే అనుకున్నాను. తెల్లారి లేచేసరికి వంటింట్లో పెళ్ళికి వండినట్టు అన్నం, ఆనపకాయ పులుసు, ఆవ పెట్టిన అరటికాయ కూర! నన్ను ఎదురింటికి తోలింది. సదాశివగారు గేటు దగ్గర నిటారుగా నిలబడి విన్నారు.

"ఏం ఫంక్షనమ్మా?"

"ఫంక్షనేం కాదండీ. మంగళవారం."

"మంగళవారమైతే?"

ఏం చెప్పను? "దీవుల్లో అలా పెడతారండీ" అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూశారు. అయినా ఒంటిగంటకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెస్సుకి వెళ్తున్నట్టు తన ప్లేటూ గ్లాసూ తనే పట్టుకుని వచ్చేశారు. అనసూయమ్మగారు తన కారు షెడ్డు ఊడ్పించి జంపఖానా పరిపించారు. "మెట్లెక్కుడు నాతోని గాదు. కిందనే పెట్టుకోన్రి" అని పైకి చెప్పారు గానీ, అసలు ఆవిడకి ఏం జరుగుతోందో చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

అనసూయమ్మగారు పులుసు ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారో లేదో, "పులుసుల బెల్లమేందమ్మా! ఇది పులుసా, పాయసమా?" అన్నారు.

"మీరు పులుసు మరగబెట్టకుండా పచ్చిదే తాగీడం లేదేటి? దానికన్నా నయమే" అంది అత్త.

"మా పచ్చిపులుసును అంటవా? వచ్చే మంగళారం చేసి పోస్త, తాగి చెప్పు!" అంటూ అనసూయమ్మగారు అదే పులుసు రెండోసారి పోయించుకున్నారు. సదాశివగారు తలెత్తకుండా తింటున్నారు. చివర్లో ప్లేటు కడుక్కొచ్చుకుని, "మంచిగున్నదమ్మా. మా ఇంటామె ఉన్నప్పుడు తిన్న గిట్ల" అన్నారు. ఆ ఒక్కమాటకి మా అత్త రోజంతా పొంగిపోయింది.

అలా మొదలైంది. పచ్చిపులుసు పందెంతో రెండో మంగళవారం, సర్వపిండి రొట్టెలతో మూడో మంగళవారం, ఆపైన ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుని వీధి వీధంతా షెడ్డులో చేరడం మొదలుపెట్టారు. నేను కాగితాల్లో చదివి చెప్పిన ప్రతి సర్వీసూ మా అత్త ఒక్కొక్కటే అమల్లో పెట్టేసింది. సదాశివగారు మిలటరీ వేలంలో కొనుక్కున్న పాత జీపు ఏళ్ళ తరబడి గుడ్డ కప్పుకుని పడుంది. ఇప్పుడది గుర్రుమంటూ లేచి, మోకాళ్ళవాళ్ళనీ కళ్ళవాళ్ళనీ ఆస్పత్రులకి తిప్పసాగింది. అత్త గడియారమన్న మనిషికి ఊపిరి పీల్చుకునే తీరిక లేదు! అనసూయమ్మగారైతే "వదినె, నాకు సుత నేర్పు" అని అడ్డపొగకి కూర్చున్నారు. నాలిక చివర కాలి రెండు రోజులు సైగలతోనే గడిపారు. ఆ రెండు రోజులూ వీధి ఎంత ప్రశాంతంగా ఉందో!

ఒక సాయంత్రం ఆఫీసులో టీ విరామంలో ఇంటికి ఫోను చేస్తే ఎంగేజు. మళ్ళీ చేస్తే మళ్ళీ ఎంగేజు. సాయికేమైనా అయిందేమోనని నా ప్రాణాలు పైపైనే పోయాయి. చివరికి మోగింది.

"ఎవులు? ఏటి గావాల?"

"నేనత్తా, సత్యవేణిని."

"నువ్వా! ఫోను పెట్టీ, పెట్టీ. మూడో ఈదిలో మాస్టారమ్మకి ఫేను తిరగట్లేదంట, ఆవిడ సేస్తాది." టక్కున పెట్టేసింది. పక్కనున్న సలోమికి చెబితే, "మనకు కాంపిటీషన్ షురూ చేసిందా అత్త?" అని ఒకటే నవ్వు.

నేను లోలోపల సంబరపడ్డాను. ఇంత సంసారం పెట్టుకున్న మనిషి ఇంకెక్కడికి వెళ్తుంది? నా ఉద్యోగం గట్టెక్కినట్టే అనుకున్నాను. అయితే మా ఆయన తిరుగు టికెట్టు తెచ్చిన రోజు అత్త దాన్ని కళ్ళకద్దుకుని పెట్టెలో దాచుకుంది.

"ఇన్ని పనులు నెత్తిన వేసుకుని వెళ్ళిపోతారా అత్తా?"

"అనసూయమ్మ సూసుకుంటాది. నన్ను నువ్వొక పనికి తెచ్చుకున్నావు. పనికొచ్చిన మనిసి పనయ్యాక ఎల్లిపోవాల గదేటి?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఆ తరవాత నేను చెప్పిన కారణాలన్నింటికీ మళ్ళీ అదే "ఊఁ".

దసరా ఇంకో పది రోజులుందనగా సలోమి మమ్మల్నందర్నీ పిలిచింది. దీవులవాళ్ళు ఫోన్లు వెనక్కి తీసుకుంటున్నారు, అక్కడే ఆఫీసు పెట్టుకుంటారట. మా టీము మొత్తానికీ అమెరికా క్రెడిట్ కార్డుల పని, రాత్రంతా డ్యూటీ. "నువ్వు చెయ్యలేవు కదక్కా" అంది నా చెయ్యి పట్టుకుని. పిల్లని వదిలి రాత్రంతా నావల్ల కాదని నాకూ తెలుసు.

ఆఖరి రోజు మిసెస్ గ్రీర్ అనే ముసలావిడ ఫోను చేసింది. ఆస్పత్రికి పడవ కావాలంది. అంతా రాసుకుని, లంచ్ మాట నాలిక చివరిదాకా వస్తే మింగేశాను. ఆవిడే అడిగింది, "నువ్వు తిన్నావా అమ్మా?" అని. వాళ్ళలో ఎవరూ అలా అడగరు. నావల్లే ఆవిడకి అలవాటైందేమో! ఇంకా లేదని చెప్పాను. పక్కనుంచి సలోమి, "అక్కా, నీకేమన్న సూప్ పంపుతదేమో చూడు" అంది. నవ్వుకుంటూనే ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

సుమో కోసం ఆగకుండా ఆటో ఎక్కి వచ్చేశాను. ఆ రోజు సోమవారం. షెడ్డులో అత్త ఒక్కతే కత్తిపీట ముందేసుకుని, మర్నాటి దప్పళానికి గుమ్మడికాయ తరుగుతోంది.

"ఉద్యోగం పోయిందత్తా."

చెయ్యి ఆగింది. "ఏటి, మల్లీ అందరికీ కూడు పంపినావేటి?"

నవ్వబోయి ఏడ్చేశాను. జరిగింది చెప్పాను. విని, తరిగిన ముక్కలు గిన్నెలో వేసింది.

"అయితే సాయి గుంటని నువ్వే సూసుకుంటావు."

"ఆఁ."

"వంటా నువ్వే సేసుకుంటావు."

"ఆఁ."

"మరింక నాతో పనేటుంది!" అని తలొంచుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ముక్కలు ఇందాకటికన్నా పెద్దవిగా పడుతున్నాయి.

నేను ఆషాఢంనుంచీ చెప్పిన కారణాలన్నీ ఒక్కసారి వెతుక్కున్నాను. పిల్లకి నేనున్నాను. మా ఆయన ముద్దకీ నేనున్నాను. ఉద్యోగం లేనే లేదు. వీధికి అనసూయమ్మగారున్నారు. ఆవిణ్ణి ఆపడానికి నా దగ్గర ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. ఇక ఆవిడ ఉన్నా లేకపోయినా నా ఇల్లు సాగిపోతుంది. మరి నాకెందుకింత భయమేస్తోందో అప్పుడర్థమైంది.

"ఉండండత్తా."

"ఎందుకే?"

"ఎందుకూ లేదు. మీరు వెళ్ళిపోతే నాకు బాగుండదు. అంతే."

అత్త తలెత్తి చూసింది. గుమ్మడికాయ చేత్తోనే ముక్కు తుడుచుకుంది. గుజ్జు అంటుకుని మొహమంతా పసుపైంది.

"ఈ ఒక్క మాటా సెప్పడానికి నీకిన్నాల్లు పట్టిందేటే! ఇంగ్లీసు పంతులమ్మవంట!" అంది. ఇంకో ముక్క తరిగి, "ఎల్లన్లే" అంది.

నేనింకా అలాగే నిలబడి ఏడుస్తుంటే, "ఏడుపాపి కూకో. రేపు శానా మందొస్తారు" అని కత్తిపీట కొంచెం జరిపింది. నేను అనసూయమ్మగారింట్లోంచి ఇంకో కత్తిపీట తెచ్చుకుని, ఆవిడ పక్కన కూర్చుని బెండకాయలు తరిగాను.